మూడువందల పద్దెనిమిది

“నీకేం, హాయిగా కూర్చుని కూడికలు వేసుకుంటావు. నిలబడి చెప్పాల్సింది నేను కదా” అన్నారు అయ్యగారు, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ.

నిజానికి ఆ సమయానికి ఆమె కూర్చుని లేదు. ఒక పొయ్యి మీద ఆయనకు వేడినీళ్ళు కాగుతున్నాయి. రెండోదాని మీద అత్తగారి పాలు పొంగుకొస్తున్నాయి. ఎడమచేతిలో సగం తొక్క తీసిన బంగాళదుంప ఉంది. గట్టు మీద కాగితం ఎగిరిపోకుండా ఉప్పుడబ్బా బరువు పెట్టి ఉంది. ఆ కాగితం మీద ఆయన రాసిచ్చిన మాటకు లెక్క తేల్చి, ఆయన స్నానం ముగించి వచ్చేసరికి చేతికివ్వాలి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమెకు ఒక అలవాటు పట్టుబడింది. మాట అన్నప్పుడు తగలదు. మధ్యాహ్నం గిన్నెలు తోముతున్నప్పుడో, బట్టలు ఆరేస్తున్నప్పుడో తీరిగ్గా వచ్చి గుచ్చుకుంటుంది. అప్పటికి అన్న మనిషి ఇంట్లో ఉండడు.

అయ్యగారంటే ఆమె భర్త, వీధి చివర మందిరానికి పాస్టరు. పాస్టర్లు ఊరినిండా ఉన్నారు, ఈయనకు పేరు తెచ్చిపెట్టింది మాత్రం అంకెలు. హెబ్రీ భాషలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, పదోది పది, ఆ తర్వాత ఇరవై, ముప్పై, అలా నాలుగు వందల దాకా పోతుంది. ఒక మాటలోని అక్షరాలన్నీ కూడితే ఒక మొత్తం వస్తుంది. రెండు మాటల మొత్తం ఒకటే అయితే ఆ రెంటికీ లోలోపల చుట్టరికం ఉన్నట్టు. ప్రేమ అన్న మాట విలువ పదమూడు. ఒకటి అన్న మాట విలువా పదమూడే. ఆ రెండు పదమూళ్ళూ కలిపితే ఇరవై ఆరు, అది దేవుడి పేరు. అయ్యగారు ఈ సంగతి చెప్పిన ఆదివారం మందిరంలో సూది పడినా వినపడేంత నిశ్శబ్దం. అప్పటినుంచి పక్క వీధుల వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

చెప్పింది ఆయనే గానీ, కూడింది ఆయన కాదు. పాస్టర్లను తయారుచేసే వేదపాఠశాలలో మూడు నెలలు హెబ్రీ నేర్చుకోబోయి, ఆయన అక్షరాల దగ్గరే ఆగిపోయారు. అవన్నీ ఒకేలా కనిపించేవట. ఆయన పెట్టెలో అట్ట చిరిగిపోయి పడివున్న అప్పటి హెబ్రీ వాచకాన్ని ఆమె తీసి, అలమర తలుపు లోపలివైపు అక్షరాల పట్టీ అంటించుకుని, పప్పుడబ్బా తీసినప్పుడల్లా రెండేసి అక్షరాలు నేర్చుకుంది. పెళ్ళినాటికి ఆమె బడిలో లెక్కల టీచరు. పెళ్ళయిన కొత్తలో ఆయనకు మందిరం ఇచ్చిన రోజున, “బడికి టీచర్లు బోలెడుమంది దొరుకుతారు, సంఘానికి అమ్మగారు ఒక్కతే కదా” అన్నారాయన. అది పొగడ్త అనుకుని ఆమె మురిసిపోయి రాజీనామా రాసిచ్చింది. ముచ్చట పడ్డప్పుడు ఆయన ఆమెను “లెక్కలమ్మా” అని పిలుస్తారు. మిగతా లోకానికంతా ఆమె అమ్మగారు. ఆ ప్రసంగాలన్నీ పుస్తకంగా వచ్చినప్పుడు మొదటి పేజీలో “నా సహధర్మచారిణి సహనానికి” అని ఉంది. లెక్కల ఊసు లేదు. సహనం కూడా ఆమెదే కాబట్టి అబద్ధం అనడానికి వీల్లేదు.

ఆదివారాలు ఆమెకు ఇంకో పని కూడా ఉంది. వేదిక పక్కన నల్లబల్ల ఉంటుంది. ఆయన ప్రసంగంలో ఒక్కో అక్షరం విలువ పలుకుతుంటే, ఆమె సుద్దముక్కతో బల్ల మీద రాస్తుంది. చివర గీత గీసి మొత్తం వేస్తుంది. జనం “ఆమేన్” అంటారు. ముప్పావుగంట సేపు జనానికి ఆమె వీపే కనిపిస్తుంది. ఒకసారి ఎవరో ఆవిడ, “అమ్మగారూ, మీ జడ ఎంత ఒత్తుగా ఉంటుందండీ” అంది. అన్నేళ్ళ సేవకు అందిన మెచ్చుకోలు అదొక్కటే.

అయినా ఆ అంకెలంటే ఆమెకు ప్రాణం. ఈ సంగతి ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసినప్పుడు, వంటగది గట్టు తుడిచి, చెయ్యి ఆరాక వాచకం విప్పుతుంది. అప్పుడు ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఒక మాటను విడదీసి, అక్షరాలను పక్కపక్కన పేర్చి కూడుతుంటే, ఎవరో తన కోసమే చీటీలు రాసి మాటల అడుగున దాచిపెట్టి వెళ్ళినట్టు ఉండేది. ప్రార్థనలో దొరకని దేవుడు ఆమెకు అక్కడ దొరికేవాడు. అందరి ముందూ మోకరించినప్పుడు ఆమె మనసు పొయ్యి మీద ఉండేది. ఈ కాగితం ముందు మాత్రం మనసు ఎక్కడికీ పోయేది కాదు.

మొట్టమొదట ఆమె సొంతంగా కనిపెట్టుకున్నది తండ్రి, తల్లి, బిడ్డ. తండ్రి అన్న మాట విలువ మూడు, తల్లి విలువ నలభై ఒకటి. రెండూ కలిపితే నలభై నాలుగు, అది బిడ్డ అన్న మాట విలువ. ఆ రోజు ఆమె వంటగదిలో నిలబడి ఏడ్చింది. అయ్యగారు దాన్ని ఆ ఆదివారమే చెప్పేశారు, తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక అత్తగారు చెప్పులు విడుస్తూ, “బాగుంది కూడిక. మనింట్లోనే ఎందుకో తేలలేదు” అంది. అయ్యగారు విననట్టు లోపలికి వెళ్ళిపోయారు. పిల్లలు లేని ఇంట్లో ఆ మాట చాలా రోజులు తిరిగింది. ఆమె దాన్ని దాటుకుంటూ పనులు చేసుకుంది.

ఆ మంగళవారం ఉప్పుడబ్బా కింది కాగితం మీద ఉన్న మాట ఒకటే. హాగరు కథలోది. హాగరు అబ్రాహాము ఇంట్లో దాసి. యజమానురాలైన అతని భార్య పెట్టే బాధలు పడలేక, అతని వల్ల వచ్చిన కడుపుతో ఎడారిలోకి పారిపోతుంది. అక్కడ నీటి ఊట దగ్గర దేవదూత కనబడి, తిరిగి వెళ్ళమంటాడు. ఆ ‘తిరిగి వెళ్ళు’ అన్న మాట ఎంతో తేల్చమని అయ్యగారు రాశారు. నాలుగక్షరాలు. మూడువందలు, ఆరు, రెండు, పది. మొత్తం మూడువందల పద్దెనిమిది.

ఆ అంకె ఆమె ఎక్కడో చూసింది. దుంపలు ఉడుకుతున్నంతసేపూ అది బుర్రలో తిరుగుతూనే ఉంది. చెయ్యి తుడుచుకుని బైబిల్లో రెండు పేజీలు వెనక్కి తిప్పితే దొరికింది. చెరలో పడ్డ బంధువును విడిపించడానికి అబ్రాహాము తన ఇంట్లో పుట్టి పెరిగిన మనుషులను వెంటబెట్టుకుని వెళ్తాడు. వాళ్ళు సరిగ్గా మూడువందల పద్దెనిమిది మంది. ఆమె ఒళ్ళు ఝల్లుమంది. తల తుడుచుకుంటున్న అయ్యగారి దగ్గరికి కాగితం పట్టుకుని పరుగున వెళ్ళింది.

ఆయన రెండుసార్లు చదివారు. ముఖం వెలిగిపోయింది. “శభాష్ లెక్కలమ్మా. తిరిగి వెళ్ళు అంటే ఒంటరిగా వెళ్ళమని కాదు, ఆ మాట వెనక ఇంటిని కాపాడే మూడువందల పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఇంతకన్నా ఏం కావాలి” అన్నారు. ఆమె ఆ పూటంతా ఆ శభాష్‌ను కొంగున కట్టుకుని తిరిగింది. దేనికోసం ఈ మాట అడిగారో అడగాలని తోచలేదు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఇప్పుడూ తోచలేదు.

శుక్రవారం మధ్యాహ్నం టైలరమ్మాయి వచ్చింది, అయ్యగారి తెల్లకోటు చేతులు పొట్టి చేసి తెచ్చింది. పాతికేళ్ళుంటాయి, గలగలా మాట్లాడే పిల్ల. రెండు నెలలుగా అక్క ఇంట్లో ఉంటోంది. దాని మొగుడు మందిరంలో మైకులు చూస్తాడు. మొగుడూపెళ్ళాల మధ్య ఏదో తగాదా అని మాత్రమే సంఘంలో అందరికీ తెలుసు.

“కోటు చూసుకోండి అమ్మగారూ, కుట్టు కొంచెం వంకర పోయిందేమో. కత్తెర సరిగా పట్టుబడట్లేదు” అంది.

“చేతికేమైందమ్మా?”

“బొటనవేలు వంగట్లేదండీ. తలుపు సందులో పెట్టి మూశాడు. రెండుసార్లు.” కూరగాయల రేటు చెప్పినట్టు చెప్పింది. “ఇప్పుడు ఈ రెండు వేళ్ళతో తిప్పేస్తున్నా. జాకెట్లకి ఫర్వాలేదు గానీ కోట్లకి కష్టం.”

ఆమె ఆ చెయ్యి పట్టుకుని చూసింది. గోరు నల్లబడి, కణుపు లావెక్కి, వేలు పక్కకి తిరిగి ఉంది. ఆ వేలితోనే తన జాకెట్లన్నీ కుట్టింది ఆ పిల్ల.

“అయ్యగారికి చెప్పావా?”

“చెప్పానండీ. ఆయనే, తొందరపడకు, ఆదివారం దాకా ఆగు, దేవుడు ఏ అంకె చూపిస్తే అది చెయ్యి అన్నారు. అలాగేనని మాటిచ్చాను. హాగరు గురించి చెప్తారట, ముందు వరసలో కూర్చోమన్నారు.” మళ్ళీ తనే అంది. “నాకు మనుషుల మీద నమ్మకం పోయింది అమ్మగారూ. మా అమ్మ వెళ్ళమంటుంది, అక్క వద్దంటుంది, వాళ్ళ వాళ్ళ బాధలు వాళ్ళవి. అంకెకేం తెలుసు చెప్పండి, మా ఆయన మైకులు చూస్తాడని?”

ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

అప్పుడు గుచ్చుకుంది. ఒక్కసారిగా అన్నీ కలిసి గుచ్చుకున్నాయి. తను పరుగెత్తుకుంటూ వెళ్ళి ఇచ్చిన కాగితం, ఆ శభాష్, దాన్ని కొంగున కట్టుకుని తిరిగిన తన వెర్రితనం. ఇన్నేళ్ళూ కాగితాలు ఎక్కడికి వెళ్తున్నాయో చూడలేదు తను. కూడికలో తప్పు లేకపోతే చాలనుకుంది. తన లెక్క విని ఎవరు అప్పు చేశారో, ఎవరు మందులు మానేశారో, ఎవరు ఏ ఇంటికి తిరిగి వెళ్ళారో, ఆమెకు ఏమీ తెలియదు. నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డ మనిషికి జనం మొహాలు ఎలా కనిపిస్తాయి. పోనీ లెక్క తప్పయి ఉంటే బాగుండుననుకుంది. మళ్ళీ కూడింది. మూడువందలు, ఆరు, రెండు, పది. దేవుడి మీద కోపం వచ్చింది ఆమెకు, జీవితంలో మొదటిసారి, ఉప్పుడబ్బా పక్కన నిలబడి.

శనివారం పొద్దున్నే పనులన్నీ పక్కనపెట్టి ఆ కథ మళ్ళీ చదివింది, ఈసారి అక్షరం అక్షరం. ఇదివరకు పట్టించుకోని సంగతులు కనబడ్డాయి. అబ్రాహాము గానీ అతని భార్య గానీ ఆ అమ్మాయిని ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. దాసి అన్నారు, అంతే. పేరు పెట్టి పిలిచింది ఎడారిలో ఎదురైన దూత ఒక్కడే. ఆ పేరు ఎంతో ఇన్నేళ్ళలో తను ఎప్పుడూ కూడలేదు. మూడక్షరాలు. అయిదు, మూడు, రెండువందలు. రెండువందల ఎనిమిది. ఆ అంకె ఇంకెవరిదో ఆమెకు వెంటనే తట్టింది, బల్ల మీద ఎన్నిసార్లు రాసిందో. ఇస్సాకు. పది, తొంభై, ఎనిమిది, వంద. ఎవరి వాటా కాపాడడం కోసం తర్వాత హాగరును కొడుకుతో సహా ఎడారిలోకి తరిమేశారో, ఆ యజమానురాలి ముద్దులబిడ్డ. తరిమేసిన దాసీ, ఇంటి వారసుడూ ఒకే తూకం.

అయ్యగారు కొత్తగా పొట్టి చేసిన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఆమె కాగితం ఇచ్చింది.

ఆయన చూసి, “నిజమే. భలే ఉంది. కానీ రేపటికి ఇది అక్కర్లేదు” అన్నారు.

“ఎందుకక్కర్లేదండీ?”

“దీన్లోంచి బోధ ఏం తీస్తాం? దాసీ, కొడుకూ ఒకటేనంటే జనం గందరగోళపడతారు.”

“ఆ అమ్మాయి బొటనవేలు చూశారా మీరు?”

ఆయన అద్దంలోంచే ఆమెను చూశారు. “చూశాను. అతనూ వచ్చి ఇదే గదిలో కూర్చుని ఏడ్చాడు. ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోనని ప్రమాణం చేశాడు. మనిషికి ఒక అవకాశం ఇవ్వకపోతే నేనెందుకిక్కడ?”

“రెండుసార్లు మూశాడటండీ తలుపు.”

ఆయన కోటు చేతులు సర్దుకున్నారు. చెడ్డవాడు కాదాయన. ఆస్పత్రుల్లో దిక్కులేని వాళ్ళ మంచాల పక్కన కూర్చున్న మనిషి, పరాయివాళ్ళ శవాలు మోసిన మనిషి. ఆ సంగతి ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

“ఒక ఇల్లు విడిపొమ్మని నా నోటితో నేను చెప్పలేను” అన్నారు చివరికి. గొంతులో నిజంగానే భయం ఉంది.

“వెళ్ళమని మాత్రం నా లెక్కతో చెప్తారా? ఇందుకోసమని మంగళవారం నాతో అనలేదే.”

“నీకెందుకు చెప్పాలి? నిన్నడిగింది లెక్క” అన్నారు. తిట్టినట్టు కాదు, మామూలుగా. ఆ కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టి, కోటు గుండీలు విప్పుకున్నారు.

ఈసారి మాట అప్పుడే తగిలింది.

వంటగదిలోకి వచ్చేసరికి అత్తగారు గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. గోడకు చెవులుంటాయో లేదో గానీ ఆవిడకు మాత్రం ఎక్కువే. కళ్ళు మసకలు కమ్మాక అవి ఇంకా పదునెక్కాయి.

“నన్నూ ఒకసారి అలాగే పంపారు” అంది, ఎటో చూస్తూ. “మీ మామగారు నన్ను వీధిలోకి గెంటి తలుపేసుకుంటే మా పుట్టింటికి పోయాను. మా పాస్టరుగారు వచ్చి కూర్చుని, వాక్యం చదివి, తీసుకొచ్చి దిగబెట్టారు. అప్పట్లో ఈ అంకెలు లేవు. వాక్యంతోనే పని జరిగిపోయింది.”

“తర్వాత ఏమైంది అత్తయ్యా?”

“ఏమవుతుంది. వీడు పుట్టాడు.” పీట మీద సర్దుకుని కూర్చుంది. “నువ్వు బల్ల మీద రాసేది నాకు ఒక్క ముక్క కనపడదు. వినడానికైతే ఇబ్బంది లేదు.”

ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో ఇంత సంభాషణ ఎప్పుడూ జరగలేదు. ఆ తర్వాత ఆవిడ పాలు అడిగింది, ఆమె వేడి చేసి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె రెండు లెక్కలూ రెండు కాగితాల మీద రాసి పక్కపక్కన పెట్టుకుంది. మూడువందల పద్దెనిమిది తప్పు కాదు. రెండువందల ఎనిమిది కూడా తప్పు కాదు. రేపు బల్ల మీద మొదటిదాని బదులు రెండోది రాసేస్తే? ఆ ఆలోచన ఒక క్షణం ఆమెకు ఎంతో తియ్యగా అనిపించింది. కానీ ఆ పిల్ల మళ్ళీ అంకె మాటే విన్నట్టవుతుంది. ఒక అంకె పంపించి, ఇంకో అంకె ఆపితే, పంపేదీ ఆపేదీ అంకెలు కావు, వాటిని ఏరి తెచ్చే మనుషులు. తను ఏరింది, ఆయన ఎంచారు. ఆ చీటీలు దాచినవాడు ఎవరి వేళ్ళు నలిపించడానికీ దాచి ఉండడని ఆమెకు గట్టిగా అనిపించింది. కాగితాలు రెండూ మడిచి వాచకంలో పెట్టింది. వాటి మీద కోపం పోయింది. ఆమెకు ఇక భయం ఒక్కటే మిగిలింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. టైలరమ్మాయి ముందు వరసలో చివరి కుర్చీలో ఉంది. ఒళ్ళో బట్టల సంచీ. మందిరం నుంచి నేరుగా మొగుడితో వెళ్ళిపోవడానికి అన్నీ సర్దుకుని వచ్చినట్టుంది. అతను గోడవార మైకుల పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని. అత్తగారు రెండో వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

అయ్యగారు ఆ రోజు చాలా బాగా చెప్పారు. ఎడారి చెప్పారు, దాహం చెప్పారు, ఊట చెప్పారు. బల్ల వైపు తిరిగి ఉన్న ఆమెకే కళ్ళు చెమర్చాయి. తర్వాత ఆ మాట దగ్గరికి వచ్చారు. “దూత ఏమన్నాడు? తిరిగి వెళ్ళు అన్నాడు. ఆ మాట ఎంతో చూద్దాం. మొదటి అక్షరం మూడువందలు.”

ఆమె మూడువందలు రాసింది.

“ఆరు.” రాసింది. “రెండు.” రాసింది. “పది.” అదీ రాసింది. కింద గీత గీసింది. గీత వంకరగా వచ్చింది.

“మొత్తం?” అన్నారు అయ్యగారు, జనం వైపు చెయ్యి చాపి, ఎప్పటిలాగే.

మందిరమంతా బల్ల వైపు చూస్తోంది. ఆమె సుద్దముక్క కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, వెనక్కి తిరిగింది. ఎదురుగా రెండు వందల మొహాలు. ఇంతమంది వస్తున్నారని ఆమెకు నిజంగా తెలియదు. అయ్యగారు ఏదో మరిచిపోయిందనుకుని, “మూడువందల పద్దెనిమిది, రాయి” అన్నారు మెల్లగా, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

ఆమె వేదిక పక్కనుంచి దిగి, ముందు వరస చివరి కుర్చీ దగ్గరికి నడిచి, ఆ పిల్ల ఎదురుగా నిలబడింది. మైకు లేదు. బడిలో వెనకబెంచీ వరకూ వినపడేలా పాఠం చెప్పిన గొంతు అది, పద్నాలుగేళ్ళ తర్వాత కొంచెం బొంగురుగా వచ్చింది.

“ఆ లెక్క వేసింది నేనమ్మా. అందులో తప్పేం లేదు. కానీ అది నీ గురించి కాదు. దేవుడి మాటగా కాదు, అంకెగా కాదు, నేను చెప్తున్నా. నువ్వు వెళ్ళొద్దు.”

ఆ పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఒళ్ళో సంచీ తీసి, కుర్చీ కింద పెట్టుకుంది.